దొరసాని దెయ్యం పైపెదవి

దెయ్యానికి మీసం ఉండకూడదని ఏ శాస్త్రమూ చెప్పలేదు. కాని మన్మథరావు రాసిన దెయ్యం ఆడది. అందులోనూ ఇంగ్లీషు దొరసాని. పేరు మార్గరెట్టమ్మ. నూరేళ్ల కిందట కొండమీది బంగళాలో ప్రేమ విఫలమై మరణించి, అప్పటినుంచి తెల్లగౌనుతో మెట్లమీద తిరుగుతూ, వచ్చినవాళ్లందరినీ గ్రాంథికంలో ప్రశ్నలడుగుతూ ఉంటుంది. ఆ వేషానికి మాకు దొరికిన మనిషి, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ సింహాచలం. అతని మీసం పైపెదవిని పూర్తిగా కప్పి, కింది పెదవి మీద కూడా కొంత హక్కు ప్రకటించేది.

ఒడియా నేల మీది రాయగడ రైల్వే కాలనీలో ఏటా ఏప్రిల్‌లో, రైల్వే వారోత్సవాలకు, తెలుగువాళ్లం ఒక నాటకం ఆడేవాళ్లం. పార్సెల్ ఆఫీసు గుమాస్తా మన్మథరావు రాసేవాడు. సిగ్నల్ మెకానిక్‌నైన నేను, త్రినాథరావును, వేషధారుల ముఖాలకు రంగు వేసేవాణ్ణి. అంతకుముందు నేను వేసినవి రాజులు, మునసబులు, ముసలి తండ్రులు. ఆ ముఖాలు ఎలా ఉండాలో చూసేవాళ్లకు ముందే తెలుసు కనుక నా తప్పులను వాళ్లే దిద్దుకునేవారు. దొరసాని దెయ్యం అటువంటిది కాదు. నేను దొరసానిని చూడలేదు, దెయ్యాన్నీ చూడలేదు. తెలియనివి రెండు కలిస్తే తెలిసినది ఒకటి ఎలా తయారవుతుందన్నది నాకు ఎదురైన మొదటి సమస్య. తీరిక వేళల్లో తత్త్వశాస్త్రం చదివే అలవాటున్నవాడికి ఇటువంటి సమస్యలు సంతోషం కలిగిస్తాయి. వాడి భార్యకు కలిగించవు.

"ఏటండీ, అలా గోడకేసి చూస్తా కూర్చున్నారు?" అంది గౌరీశ్వరి.

"దెయ్యానికి ముఖమంటూ ఎందుకుండాలా అని."

"ఉండకేం? మా మేనత్తని చూళ్ళేదేటి మీరు?"

మొదట ఆ వేషానికి విజయనగరం నుంచి ఒక నటిని అనుకున్నాం. దెయ్యమైనా సరే తన బుగ్గలు గులాబీరంగులోనే ఉండాలని ఆవిడ షరతు పెట్టింది. మన్మథరావు ఆలోచిస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే ప్లాట్‌ఫారం చివర సింహాచలం చేతిలాంతరు వెలిగిస్తూ కనిపించాడు. వెలుగు కింది నుంచి పడింది. ఎత్తైన బుగ్గ ఎముకలు, లోపలికి పోయిన కళ్లు, నిడుపాటి గడ్డం. చనిపోవడానికి కావలసినవన్నీ ఆ ముఖంలో సిద్ధంగా ఉన్నాయి. మీసం ఒక్కటే బతికి ఉంది.

జుట్టుతో మొదలుపెట్టాను. గుణుపురం వైపు నుంచి వచ్చే గోగునార శుభ్రంగా కడిగితే లేత బంగారు రంగు తేలుతుంది. దొరసాని జుట్టుకు అంతకంటే ఏం కావాలి? దాన్ని గంజిలో ముంచి, తంతిస్తంభాల మీద వాడే పింగాణీ ఇన్సులేటర్లకు పాయలు పాయలుగా చుట్టి ఎండబెట్టాను. విప్పితే ఉంగరాలు ఉంగరాలుగా వేలాడింది. ముడి వేసే తీరు పాత రాణి రూపాయి బిళ్ల చూసి నేర్చుకున్నాను. బిళ్ల మీద రాణికి ఒక చెంపే ఉంటుంది కనుక రెండో చెంప వైపు జుట్టు ఎలా ఉండేదో నాకు తెలియరాలేదు. దెయ్యం కుడిపక్క నుంచి వచ్చి, వెనకడుగులతో కుడిపక్కకే వెళ్లిపోయేట్టు మన్మథరావు నాటకం మార్చాడు.

ముఖానికి కొబ్బరినూనెలో కలిపిన జింకు పొడి. బుగ్గల కింద గుంటలకు కాటుక, అందులో బట్టలకు పెట్టే నీలిమందు చిటికెడు. నలుపు ఒక్కటే పెడితే మసి అంటుకున్నట్టుంటుంది, నీలం చేరితే ప్రాణం పోయినట్టుంటుంది. పెదవులకు ఆముదంలో నూరిన కుంకుమ, కాటుక. ఎండిన నెత్తురు రంగు వచ్చింది. ఇవన్నీ పూసి, విగ్గు తొడిగి, వెనక్కి జరిగి చూశాను. మీసమున్న శవం ఒకటి నావైపు ఆశగా చూస్తోంది.

మీసాన్ని దాచడానికి చేతనైనదంతా చేశాను. బట్టల సబ్బు తురిమి, నానబెట్టి, వెంట్రుకలను పెదవికి అదిమి అంటించాను. దాని మీద మైదా పేస్టు, దాని మీద తెలుపు. కూర్చున్నంతసేపు బాగానే ఉంది. రిహార్సల్లో మార్గరెట్టమ్మ వికటంగా నవ్వగానే పైపెదవి బీటలు వారి, వానకు మొలకెత్తినట్టు మీసం బయటికి వచ్చింది. ఎదురుగా ఉన్న కథానాయకుడు భయంతో మూర్ఛపోవలసిన చోట నవ్వుతో పడిపోయాడు.

"తీయించీ సింహాచలం," అన్నాడు మన్మథరావు. "నెల్లాళ్లలో వచ్చీదానికి ఇంత గొడవేటి?"

"మా అయ్య బతికున్నాడు బాబూ," అన్నాడు సింహాచలం.

మా వైపు అంతకుమించి వివరణ అక్కరలేదు. తండ్రి పోయినప్పుడే కొడుకు మీసం తీస్తాడు. తండ్రి ఉండగా తీయడమంటే ఆయన్ని ముందుగానే సాగనంపడం. సింహాచలం తండ్రి గంగరాజు గుణుపురం దగ్గర సేద్యం చేసుకునే మనిషి. పూర్వులది శ్రీకాకుళం వైపు. ఈ విషయంలో ఆయన పట్టింపు ఎటువంటిదో సింహాచలమే చెప్పాడు.

"మా తమ్ముడు రాముడు బరంపురంలో సదువుతా ఫేషన్ అనీసి తీయించీసేడు. మా అయ్య ఆడ్ని గుమ్మంలో సూసి, ఓ మాటనేదు. నూతికాడికెల్లి తానం సేసొచ్చి, 'నాను పోయేను గదా, పోయినోడు మాటాడకూడదు' అన్నాడు. మళ్ళీ ఆడితో మాటాడితే ఒట్టు. బువ్వకాడ గోడకి సెప్తాడు. 'ఓ గోడా, ఆ సిన్నోడికి పులుసెయ్యమను' అని."

"ఎన్నాళ్లు?"

"ఏడాది దాటింది బాబూ. నాతో అలగ మాటాడకపోతే నాను బతకనేను. ఆ గోడని సూస్తేనే నాకు ఏడుపొస్తాది."

అతనికి ధైర్యం చెప్పవలసిన పని నా మీద పడింది. గుర్తుకూ కారణానికీ ఉన్న భేదం వివరించాను. తండ్రి పోతే మీసం పోతుంది కాని, మీసం పోతే తండ్రి పోడు. బండి వస్తుంటే సిగ్నల్ దించుతాం. ఊరికే సిగ్నల్ దించితే లేని బండి పుట్టుకొస్తుందా? సింహాచలం శ్రద్ధగా విన్నాడు. అతణ్ణి ఒప్పించింది నా వాదన కాదని నాకు తెలుసు. విగ్గు పెట్టుకుని, అరచేత్తో మీసం మూసుకుని అద్దంలో చూసుకున్నాడు. తల అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకున్నాడు.

"బాగున్నాను బాబూ," అన్నాడు మెల్లగా. "మా అయ్య కోతలయిందాకా ఇటు రాడు గావాల."

మర్నాడు పొద్దున్నే ఒంటరిగా సన్యాసిరావు సెలూన్‌కు వెళ్లాడు. అక్కడ జరిగింది తర్వాత సన్యాసిరావే నాకు చెప్పాడు.

"వచ్చి కూకున్నాడు బాబూ. కళ్ళు మూసుకున్నాడు. మీసం సూపించి 'తీసీ' అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు. నానేటనుకోవాలి? నాలుగు మంచిమాటలు సెప్పి తీసేను. ఆ తరవాతొచ్చినోళ్ళకి సెప్పకుండా ఎలగుంటాను?"

సాయంత్రానికి కాలనీ అంతా తెలిసింది. సింహాచలం భార్య పురిటికి పుట్టింటికి వెళ్లింది. నిజం తెలిసిన మనిషి ఇంట్లో లేదు. పక్క క్వార్టర్లో ఉండే అమ్మన్నమ్మ అన్నం, పప్పు పట్టుకుని వచ్చింది.

"తిను నాయనా. పోయినోళ్ళతో మనం పోతామేటి?"

"మా అయ్య పోనేదు పిన్నీ."

"పోడురా అయ్యా. మనసులో ఉంటాడు."

"మనసులో కాదు, గుణుపురంకాడ ఉన్నాడు. నాటకం కోసరమని తీయించేను."

ఆవిడ అతని తల నిమిరి, బయటికి వచ్చి, గుమ్మంలో ఉన్న నాతో గొంతు తగ్గించి, "మతి సలించింది పాపం. ఓ కంట కనిపెట్టండి," అంది.

స్టేషన్ మాస్టారు సెలవు తీసుకోమన్నాడు. సింహాచలం వద్దంటే అతని కర్తవ్యదీక్షకు చలించిపోయి మరీ తీసుకోమన్నాడు. బిస్సమ్ కటక్ నుంచి వచ్చిన గార్డు బండి దిగి, ఎన్నడూ చూడని గంగరాజు ఎంతటి ఉత్తముడో చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. సింహాచలం ఎంత కాదంటే అంత లోతైన దుఃఖం కింద జమకట్టారు. నేనూ మన్మథరావూ సాక్ష్యం చెబితే స్నేహధర్మం అన్నారు. చివరికి పాపం అతను కాదనడం మానేశాడు. అప్పుడు అందరూ, కొంత కోలుకున్నాడని సంతోషించారు.

తాడును చూసి పామనుకోవడం గురించి నేను చాలా చదివాను. పాము లేదని తాడే స్వయంగా చెప్పినా జనం దానికి పాలు పోస్తారన్న సంగతి చదవలేదు. సిగ్నల్ దించితే లేని బండి పుట్టదు, నిజమే. గేట్లు మాత్రం మూస్తారు. మనుషులు గేటుకు రెండువైపులా నిలబడి ఎదురుచూస్తారు. సిగ్నల్ శాఖలో పనిచేసేవాడికి ఇది ముందే తోచవలసింది.

నాటకం రోజు పొద్దున్న మన్మథరావు రొప్పుతూ మా ఇంటికి వచ్చాడు. వెనకే సింహాచలం, ముఖం రంగు వేయకుండానే తెల్లగా ఉంది.

"గురూ, పోయినాయన బస్సు దిగేడు," అన్నాడు మన్మథరావు. "బీరకాయలు తెచ్చేడు."

కోడలు ఇంట్లో లేదు, కొడుకు ఏం తింటున్నాడో చూద్దామని గంగరాజు బయలుదేరి వచ్చాడు. స్టేషన్ బయట టీకొట్టులో సింహాచలం క్వార్టరు ఎటని అడిగితే, కొట్టు నడిపే ఒడియా మనిషి నిట్టూర్చి, "ఆహా, తాంక బాపా చాలిగలే," అన్నాడు. అయ్యో, అతని తండ్రి వెళ్లిపోయాడు, అని. గుణుపురం మనిషికి ఒడియా రాకపోవడమేమిటి? ఆ మాట విన్నచోటే గంగరాజు చాలాసేపు నిలబడిపోయాడట. మన్మథరావు ఆయన పేరడిగి తెలుసుకుని, పార్సెల్ ఆఫీసులో కూర్చోబెట్టి, సోడా ఇచ్చి పరుగెత్తుకు వచ్చాడు.

"మీసం బాబూ," అన్నాడు సింహాచలం. చేతులు జోడించాడు. "నా మీసం నాకిచ్చీండి."

లోపలికి వెళ్లాను. "నీ సవరం కావాలి," అన్నాను గౌరీశ్వరితో.

"దేనికి?"

"మీసానికి."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీకా?"

"సింహాచలానికి. వాళ్ల నాన్న వచ్చేడు."

"పెళ్లైన కొత్తలో మల్లెపూలు తెచ్చేవోరు. ఇప్పుడు జుట్టే పట్టుకెల్తన్నారు," అంటూనే పెట్టె తెరిచి సవరం తీసి ఇచ్చింది.

దోమతెర నుంచి పెదవి వెడల్పున గుడ్డ కత్తిరించాను. సవరం వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఆ వల కన్నాల్లో ముడివేస్తూ పోయాను. అంటించడానికి స్పిరిటులో కరిగించిన గుగ్గిలం నా దగ్గర ఉండనే ఉంది. సామగ్రికి లోటు లేదు. ఆకారం దగ్గర చెయ్యి ఆగిపోయింది. సింహాచలం మీసం అసలు ఎలా ఉండేది?

"కొసలు కిందికి," అన్నాడు మన్మథరావు.

కబురు పెట్టి పిలిపించిన సన్యాసిరావు, "పైకి. నా సేత్తో తీసినోణ్ణి," అన్నాడు.

గౌరీశ్వరి మధ్యలో కొంచెం పాయ ఉండేదంది. నాకు గుబురు తప్ప మరేమీ గుర్తు లేదు. ఆ గుబురునే కదా నేను రోజుల తరబడి సబ్బుతో అదిమింది.

"నువ్వు చెప్పు," అన్నాను సింహాచలంతో.

"తెల్దు బాబూ. నాను దాని ఎనకాల ఉన్నాను గదా."

నూరేళ్ల నాటి దొరసానిని, ఎవరూ చూడనిదాన్ని, ఏ సందేహమూ లేకుండా తయారు చేశాను. రోజూ చూసిన మీసం దగ్గర ఓడిపోయాను. చూసినదాన్ని మనం నిజానికి చూడం. ఉందని నమ్మి ముందుకు పోతాం. చివరికి అందరి మాటా కొంత కొంత విని కత్తిరించాను. ఒక కొస పైకి, ఒక కొస కిందికి పోయింది. సరిచేసే వ్యవధి లేదు. అంటించి క్వార్టరుకు పంపాను. గుగ్గిలం సీసా జేబులో పెట్టుకుని నేనూ వెంట వెళ్లాను.

మన్మథరావు అక్కడికి తీసుకొచ్చిన గంగరాజు పొట్టిగా, నిటారుగా ఉన్న మనిషి. ఆయన మీసం తెల్లగా, రెండు కొసలా ఒకే ఎత్తులో, తూచినట్టుగా ఉంది. కొడుకు కాళ్లకు దండం పెట్టి లేవగానే ఆయన కళ్లు చికిలించి చూశాడు.

"మీసం అలగుందేట్రా?"

"పడుకున్నాను అయ్యా. ఓపక్క తిరిగి."

విస్తళ్లు వేసి భోజనానికి కూర్చున్నాం. వేడి పులుసు ఆవిరికి సింహాచలం మీసం ఎడమ కొస పెదవి మీది నుంచి లేచింది. అతను చప్పున చెంప మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏటైంది?"

"పన్నోపి."

"నోరు తెరు, సూస్తాను," అంటూ గంగరాజు ముందుకు వంగాడు.

"వద్దండీ," అన్నాను నేను. "పన్నునొప్పి అంటుకుంటుంది."

"పన్నోపి అంటుకుంటాదేటి బాబూ?"

"ఈ ఊళ్లో అంటుకుంటుందండీ."

ఆయన నా వంక చూశాడు. జీవితంలో చాలా చూసినవాడి చూపు. అంతలో అమ్మన్నమ్మ మజ్జిగ గిన్నెతో లోపలికి వచ్చింది. కొత్త మనిషిని చూసి పైట సర్దుకుని, "ఎవరు బాబూ తమరు? పరామర్శకొచ్చేరేటి?" అంది.

"సింహాచలం అయ్యనమ్మా. గంగరాజంటారు."

గిన్నె కిందపడింది. "ఓలమ్మో!" అన్న కేక సందు చివరి దాకా వినిపించింది, ఆ కేకతోపాటే అమ్మన్నమ్మ కూడా సందు చివరికి చేరింది.

గంగరాజు చెయ్యి కడుక్కున్నాడు. కొడుకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఒరే. బస్సు దిగినకాణ్ణుంచీ సెవులారా ఇంతన్నాను. సింహాచలం అయ్య పోయేడంట. నాను కాక నీకింకో అయ్య ఉన్నాడేట్రా?"

"అది ఏరే సింహాచలం అయ్యా."

"నన్ను సూసి ఆ ఆడమనిషి పరిగెట్టింది గదరా."

గంగరాజు తన ముంజేతిని గిల్లుకున్నాడు. నొప్పి పుట్టినట్టుంది, కొంత ఊరట కలిగింది. మళ్లీ సందేహం వచ్చి రెండో చేతిని కూడా గిల్లుకున్నాడు. తాను ఉన్నానని రుజువు చేసుకోవడానికి మహామహులు గ్రంథాలు రాశారు. ఇంత త్వరగా ఎవరూ తేల్చుకోలేదు. తేల్చుకున్నాక ఇంత దిగులుగానూ కూర్చోలేదు.

ఆయన్ని సాయంత్రం బస్సుకే పంపించాలని చూశాం. "నాటకముందంట గదా. సూసెల్తాను," అన్నాడు. వేషం సంగతి బయటపెట్టకుండా, సింహాచలం తెర లాగుతాడని చెప్పాం. కాలనీ మైదానంలో పొద్దువాలేసరికి జనం నిండారు. గంగరాజును ముందు వరసలో కూర్చోబెట్టాం. ఆయనకు రెండుపక్కలా ఉన్న కుర్చీలు క్రమంగా ఖాళీ అయ్యాయి.

తెర వెనక నేను మీసం ఊడదీసి, బోసిపోయిన పెదవి మీద తెలుపు పూశాను. సింహాచలం తెర సందులోంచి ముందు వరస చూశాడు.

"గుర్తుపడితే?"

"నిన్ను నేనే గుర్తుపట్టలేకపోతున్నాను," అన్నాను. నా పనితనం మీద నాకు అంత నమ్మకం.

రెండో అంకంలో మార్గరెట్టమ్మ ప్రవేశించింది. పక్క తెర చాటు నుంచి, నేల మట్టానికి పెట్టిన చేతిలాంతరు ఆకుపచ్చ అద్దం గుండా వెలుగు పడింది. తెల్లటి గౌను, గుంటలు పడిన బుగ్గలు, నడుము దాకా వేలాడే నార ఉంగరాలు. పిల్లలు తల్లుల ఒళ్లలో తలలు దాచుకున్నారు. మైదానమంతా ఊపిరి బిగబట్టింది. నేను వేసిన వేషాల్లో అంతటి నిశ్శబ్దం ఎప్పుడూ రాలేదు.

"ఎవరక్కడ? అర్ధరాత్రమున నా సౌధమునం దడుగిడిన నరుడెవ్వడు?" అంది దెయ్యం.

ముందు వరసలో గంగరాజు లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు.

"నానేనే అమ్మా. గంగరాజుని."

ఎవరూ నవ్వలేదు. ఆయన గొంతు అలా ఉంది.

నాకు అప్పుడు తెలిసింది. ఎప్పుడో పోయిన సింహాచలం నాయనమ్మ అప్పలకొండమ్మను నేను చూడలేదు. కాని ఆ బుగ్గ ఎముకలు ఆవిడవే. ఆ పైపెదవి ఆవిడదే. ఇన్నాళ్లూ మీసం కింద ఉండిపోయింది. నేను దొరసానిని తయారు చేశాననుకున్నాను. చేసిందల్లా అడ్డం తీయడమే. ముసలావిడ వచ్చి నిలబడింది.

"నాను పోయేనని ఊరంతా అంతన్నారే అమ్మా," అన్నాడు గంగరాజు. "నిజమేనేటి? నన్ను తీసికెల్డానికొచ్చేవా?"

"పారిపొమ్ము మానవా! పారిపొమ్ము!" అని పక్క నుంచి మన్మథరావు అందించాడు. అదే తర్వాతి మాట.

"పారి..." అంది దెయ్యం. ఆగిపోయింది. తండ్రి కేసి చూసింది. రూపాయి బిళ్ల మీది చెంప మరిచిపోయి పూర్తిగా ఇటు తిరిగింది. రెండోవైపు ఏమీ లేని విగ్గు జనానికంతా కనిపించింది. తర్వాత వచ్చిన గొంతు మార్గరెట్టమ్మది కాదు.

"నువ్వు పోనేదురా. బతికే ఉన్నావు."

"మరలాగంతన్నారేటే?"

"నీ పెద్దకొడుకు మీసం తీయించీసేడు. అందుకనీసి."

"ఆడికి మీసముంది గదే. మద్దేనం సూసేను. ఓపక్క తిరిగి పడుకున్నాడంట."

"అది మీసం కాదురా. త్రినాథరావు బాబు ఇంటావిడ సవరం."

ఆడవాళ్ల వైపు నుంచి గౌరీశ్వరి గొంతు వినిపించింది: "నేను ఇష్టపడి ఇవ్వలేదు మామ్మా!"

మైదానం గొల్లుమంది. మన్మథరావు ప్రతులను నెత్తికేసి కొట్టుకోవడం నాకు కనిపించింది. గంగరాజు నవ్వలేదు. ఆయన ముఖంలో కోపం రావడం, రంగు పూసినంత స్పష్టంగా చూశాను.

"నాను బతికుండగా ఎందుకు తీసినాడు?"

"యేషం కోసరం. నీకు సెప్పడానికి జడిసినాడు."

"నానేటి పులినా?"

"పులైతే తినీసి ఊరుకుంటాది. నువ్వు గోడతోటి మాటాడతావు."

గంగరాజు తల దించుకున్నాడు. నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి. దెయ్యం రంగస్థలం అంచు దాకా వచ్చింది.

"ఆడ్ని తిడితే తిట్టు. తన్నితే తన్ను. మాటాడ్డం మానకురా. ఆడు తట్టుకోనేడు."

ఆయన తల ఎత్తి, "నువ్వు సెప్తే మాననే అమ్మా," అన్నాడు.

"కూకో మరి. ఎనకాలోళ్ళకి కనిపించట్లేదు."

ఆయన కూర్చున్నాడు. నాటకం ముందుకు సాగింది. కథానాయకుడు మార్గరెట్టమ్మకు శాపవిమోచనం కలిగించాడు కాని ఎవరూ గమనించలేదు. ఆ పని అప్పటికే అయిపోయింది.

మంగళం పాడిన తర్వాత, తెర వెనక పెట్టె మీద సింహాచలం కూర్చున్నాడు. విగ్గు తీయలేదు. నేను కొబ్బరినూనె గుడ్డతో సగం ముఖం తుడిచాను. నల్లటి, చెమట పట్టిన సింహాచలం సగం బయటికి వచ్చాడు. అప్పుడు గంగరాజు వచ్చాడు.

తుడిచిన సగాన్ని చూశాడు. తుడవని సగాన్ని చూశాడు. బోసి పెదవిని అన్నిటికంటే ఎక్కువసేపు, నేను చూసినదానికంటే ఎక్కువసేపు చూశాడు. సింహాచలం తల ఎత్తలేదు. వాళ్లిద్దరికీ పక్కగా, సామాను గదికి ఇటుక గోడ ఒకటి ఉంది. ఆయన దానివైపు తిరుగుతాడేమోనని నాకు భయం వేసింది.

"బాబూ, ఆ గుడ్డ పక్కనెట్టు," అన్నాడు నాతో. "ఇంకా తుడవకు."

ఎదురుగా ఇంకో పెట్టె లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, ఎలగూ వచ్చేవు గదాని సెప్తన్నాను. మన గేదె ఈ ఏడు సూడి కట్నేదు."

"ఊఁ," అన్నాడు సింహాచలం.

"గట్టుకాడోళ్ళు మళ్ళీ తగువెట్టేరు. గోడచేత సెప్పించినా రాముడు ఇనడు. ఆడి నోరు నీ నోరే."

"ఊఁ."

"ఆ పెద్దోడున్నాడు సూడు, సింహాచలం. ఏడాదికోపాలి గానీ రాడు. అడిగితే రైలుకి జెండా ఊపాలంటాడు. ఆడూపకపోతే రైలెల్లదేటే?"

"ఎల్తాది," అని దెయ్యం ఒప్పుకుంది.

"మీసం నేకపోయినా పరవానేదు. ఓపాలి రమ్మని సెప్పు."

"సెప్తాను."

"జేష్టంలో రమ్మను. మామిడిపళ్ళుంటాయి."

"జేష్టంలో సెలవు దొరకదు అయ్యా," అన్నాడు సింహాచలం.

గంగరాజు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"అలగైతే ఆసాడంలో రా," అన్నాడు.